హోమ్‌పేజీ పంపకాలు

మా నాన్నగారి ఆస్తి పంపకాల కాగితంలో తొమ్మిదో అంశం వెబ్‌సైటు. ఎనిమిదోది మోటారు షెడ్డు, పదోది సిమెంటు కుండీలు పోసే అచ్చులు. ఆ రెండింటి మధ్య ఇరుక్కుని, "సదరు నర్సరీకి చెందిన కంప్యూటరు చిరునామాలు రెండింటిలో మూడు డబ్ల్యూలు ఉన్నది పెద్దవానికి, డబ్ల్యూలు లేనిది చిన్నవానికి" అని ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి గుండ్రటి చేతిరాతలో ఉంటుంది. నేను వెబ్‌సైట్లు చేసి బతికేదాన్ని. ఇన్నేళ్లలో రకరకాల మనుషుల్ని చూశాను గానీ, హోమ్‌పేజీని నిలువునా చీల్చి వాటాలేసుకున్నవాళ్లని మాత్రం పుట్టింట్లోనే చూశాను.

మాది కడియం పక్కన పల్లెటూరు. నాన్నగారు వరి మానేసి మొక్కలు పెంచడం మొదలెట్టిన రైతు. ఇద్దరన్నయ్యల తరవాత ఆఖరిదాన్ని నేను. పెళ్లయ్యాక కాకినాడలో ఉంటున్నాను. మా ఆయన ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లాక ఇంట్లో కూర్చుని కల్యాణమండపాలకీ, స్కూళ్లకీ, పళ్ల డాక్టర్లకీ వెబ్‌సైట్లు చేస్తాను. నేను మొట్టమొదట చేసింది మా నర్సరీదే, ఇంజనీరింగ్ మూడో ఏడులో. డొమైన్, అంటే ఆ చిరునామా, కొన్నది నేను, నా పేరు మీద. ఏటా రెన్యూ చేస్తున్నదీ నేనే. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొదటి తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటాను. ఆ వయసులో నాకు పేజీలో పువ్వులు కదలడం ముఖ్యంగా ఉండేది గానీ సర్వర్ ఏం చేస్తుందో పట్టేది కాదు. దాంతో మా హోమ్‌పేజీ మూడు చిరునామాల్లో తెరుచుకునేది. ముందు మూడు డబ్ల్యూలు పెట్టి కొట్టినా వచ్చేది, పెట్టకుండా కొట్టినా వచ్చేది, చివర ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని తగిలించినా వచ్చేది. మనిషికైతే మూడూ ఒకటే. సెర్చ్ ఇంజిన్‌కి మాత్రం అవి మూడు వేరు వేరు పేజీలు. ఒకే మనిషి మూడు రేషన్ కార్డులు పట్టుకుని నిలబడితే డీలరు ఎలా చూస్తాడో అదీ అలాగే చూస్తుంది. దేన్ని నమ్మాలో తెలియక మూడింటికీ తలా కాస్త విలువ ఇచ్చి, మొత్తానికి అన్నింటినీ కిందికి తోస్తుంది. మందు చాలా చిన్నది. సర్వర్లో నాలుగు లైన్లు రాసి, ఎవరు ఏ చిరునామా కొట్టినా ఒక్క చిరునామాకే పంపించెయ్యాలి. దాన్నే రీడైరెక్ట్ అంటారు. ఊళ్లో అందరికీ అవి రాసిపెట్టాను, మా ఇంటికి తప్ప.

నాన్నగారు పోయిన ఏడాదికి పంపకాలు పెట్టుకున్నారు. పెద్దమనుషులు ఇద్దరు. ఒకాయన హెడ్మాస్టారు, రెండో ఆయన తణుకు దగ్గర రైస్ మిల్లున్న మా మావయ్య. పొలం, బోరు, చిన్న లారీ, షేడ్ నెట్లు అన్నీ తేలాక సాయంత్రం నాలుగింటికి వెబ్‌సైటు దగ్గరికొచ్చారు. అది ఒక్కటే ఉందని తెలిసి ఇద్దరన్నయ్యలూ మొహాలు ముడుచుకున్నారు. పెద్దన్నయ్య తన విజిటింగ్ కార్డు తీసి చూపించాడు, మూడు డబ్ల్యూలతో ఉంది. చిన్నన్నయ్య తనది తీశాడు, డబ్ల్యూల్లేకుండా ఉంది. ప్రింటింగ్ ప్రెస్సులో జాగా చాలక తీసేశాడట. మాస్టారు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి కళ్లజోడు సవరించుకున్నారు.

"రెండున్నాయి కదండీ. చెరొకటి తీసేసుకుంటే పోలా?"

నేను టీ గ్లాసులు అందిస్తున్నాను. "మాస్టారూ, అవి రెండూ ఒకటేనండీ. ఒకే పేజీ" అన్నాను.

"ఒకటే అయితే రెండు రకాలుగా ఎందుకు రాశారమ్మా?" అన్నారాయన, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు.

మావయ్య నావైపు తిరిగి, "నువ్వుండమ్మాయ్. ఇది ఆస్తి వ్యవహారం" అన్నాడు. ఆ పేజీ చేసిన మనిషికి ఆ పేజీ గురించి ఏం తెలుస్తుందని ఆయన ఉద్దేశం. మా ప్రహరీ గోడ మీద పెయింటరు రాసిన మూడో చిరునామా మాటొచ్చింది, ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్‌తో ఉన్నది. ఆ గోడ ఇద్దరూ వాడుకునే దారి పక్కన ఉంది కాబట్టి ఆ చిరునామాని ఉమ్మడిగా ఉంచారు. కాగితంలో "ఉమ్మడి దారి, ఉమ్మడి ఇండెక్స్" అని ఒకే వాక్యంలో రాసేశారు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ రోజే నేనూ ఒక కాగితం మీద సంతకం పెట్టాను. పొలంలో నాకు వాటా అక్కర్లేదని. అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లే. సరే అనుకున్నాను. ఇంటి మధ్యలో గోడ లేచింది, గుమ్మాలు రెండయ్యాయి. నాకు కావలసిందల్లా ఆ రెండు గుమ్మాలూ తెరిచి ఉండటం. కడియంలో బస్సు దిగితే పొద్దున్న ఒకరింట్లో ఇడ్లీ, మధ్యాహ్నం రెండో ఇంట్లో భోజనం, ఎవరింట్లో ఎక్కువ తిన్నానో రెండో వాళ్లకి తెలియకుండా జాగ్రత్త. అది తప్ప పోగొట్టుకోవడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. అదొక్కటీ పోకూడదని పెద్ద ఆశ.

తొలకరి వచ్చింది. మొక్కలు కొనేవాళ్లు అప్పుడే వెతుకుతారు. ఇంతకుముందు కొబ్బరి మొక్కలనీ నీడ మొక్కలనీ కొడితే మొదటి పేజీలోనే కనిపించే మా నర్సరీ మూడో పేజీకి పోయింది. కారణం తెలుసుకోవడానికి తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. పంపకాలయ్యాక అన్నయ్యలిద్దరూ పోటీలుపడి ఎవరి చిరునామా వాళ్లు ఊరంతా అంటించారు. బస్టాపులో ఒకటి, పెద్దాపురం జాతర ఫ్లెక్సీ మీద ఇంకొకటి, ఆన్‌లైన్ డైరెక్టరీలు కనిపించిన చోటల్లా రెండూ. ఒకే పేజీ రెండు పేర్లతో సగం సగం విలువ పోగేసుకుంది. సగానికి ఎవరూ మొదటి పేజీలో చోటివ్వరు.

పెద్దన్నయ్య ఫోన్ చేశాడు. "వాడేదో చేయించాడు చెల్లాయ్. నా అడ్రస్ తొక్కేశాడు." అది పెట్టేసిన పది నిమిషాలకి చిన్నన్నయ్య. "అన్నయ్యేదో చేయించాడు చెల్లాయ్. నా అడ్రస్ కనబడకుండా చేశాడు." ఒక్క మాట అటూ ఇటూ తేడా లేదు. రక్తసంబంధం అంటే ఇదేనేమో అనుకున్నాను.

ఇద్దరికీ విడివిడిగా రీడైరెక్ట్ గురించి చెప్పాను. పెద్దన్నయ్య శ్రద్ధగా విన్నాడు. "అంటే వాడి అడ్రస్ కొట్టినవాళ్లు కూడా నా దగ్గరికే వస్తారా? మంచి పనమ్మా, వెంటనే పెట్టెయ్." చిన్నన్నయ్య కూడా శ్రద్ధగానే విన్నాడు. "అంటే నా గుమ్మంలోకొచ్చినవాణ్ణి నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అన్నయ్య అరుగు మీద కూర్చోబెడతావన్నమాట. అదేనా నువ్వు చెప్పేది?"

"అరుగు ఒకటేరా అన్నయ్యా. గుమ్మాలే రెండు."

"గోడ కట్టాక అరుగు ఒకటెలా అవుతుంది?" అన్నాడు.

మళ్లీ మావయ్య దిగాడు. ఆయనకి ఇంటర్నెట్ తెలియదు గానీ కాలవ తెలుసు. చేలకి నీళ్లు చాలనప్పుడు ఎగువ రైతు కొన్ని రోజులు, దిగువ రైతు కొన్ని రోజులు వంతులేసుకుని పెట్టుకుంటారు. లస్కరు వచ్చి తూము తలుపు దించుతాడు, ఎత్తుతాడు. గోదావరి జిల్లాల్లో ఎన్ని తగాదాలు తీర్చిందో ఆ వంతుల పద్ధతి.

"దీనికింత రాద్ధాంతం ఎందుకండీ? వారం ఒకడి వైపు, వారం రెండోవాడి వైపు తిప్పిద్దాం. అమ్మాయి చేతిలో పనే కదా" అన్నాడు.

ఇద్దరన్నయ్యలూ తలూపారు. నీళ్లకి పనికొచ్చింది దేనికైనా పనికొస్తుందని మావాళ్ల నమ్మకం. ఇంజనీరింగ్ చదివించిన చెల్లెల్ని నిండు సభలో లస్కరుని చేసి కూర్చోబెట్టారు.

అది పనిచెయ్యదని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకుంటే బాగుండును, కానీ తెలిసే చేశాను. రీడైరెక్ట్‌లో రెండు రకాలున్నాయి. తాత్కాలికంగా మళ్లించడం ఒకటి, శాశ్వతంగా మారిపోయింది అని చెప్పడం ఇంకొకటి. శాశ్వతమని చెబితే చూసేవాడి ఫోను ఆ మాట గుర్తుపెట్టుకుని మళ్లీ సర్వర్ని అడక్కుండా నేరుగా కొత్త చిరునామాకే పోతుంది. వారం వారం మార్చేది శాశ్వతం ఎలా అవుతుంది? నేను శాశ్వతమనే రాశాను. నన్ను టీ గ్లాసులకి పరిమితం చేసిన కోపం ఇంకా తగ్గలేదు. రెండు వారాలు అనుభవిస్తే వాళ్లకే బుద్ధొస్తుంది, అప్పుడు నా మాట వింటారు అనుకున్నాను.

మొదటి వారం పెద్దన్నయ్య వంతు. అంతా బాగానే ఉంది. రెండో వారం సోమవారం పొద్దున్న పూజ చేసుకుని తూము రెండోవైపు తిప్పాను. పదింటికల్లా ఫోన్లు మొదలయ్యాయి. మొదటి వారం డబ్ల్యూల్లేకుండా కొట్టి మా పేజీ చూసిన ప్రతి ఫోనూ డబ్ల్యూల వైపు పోవాలని గుర్తుపెట్టుకుంది. అక్కడికి పోతే సర్వర్ డబ్ల్యూల్లేని వైపు పొమ్మంటోంది. అటు పోబోతే ఫోను తనకి గుర్తున్నది చెప్పి మళ్లీ ఇటే పంపుతోంది. కాసేపు అలా గిరగిరా తిరిగి విసుగొచ్చి, ఈ పేజీ సరిగ్గా దారి మళ్లించడం లేదని చేతులెత్తేస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లకి బాగానే తెరుచుకుంటోంది. ఎప్పుడూ చూసేవాళ్లకే, పాతవాళ్లకే, మూసుకుపోయింది.

అన్నయ్యలు మాత్రం సర్వర్ని అనుమానించలేదు, ఒకళ్లనొకళ్లు అనుమానించుకున్నారు. చిన్నన్నయ్య తన వంతు వారంలో తన తూము మూసేశారని కర్ర పట్టుకుని గోడ దగ్గరికెళ్లాడట. గోడకి అవతల పెద్దన్నయ్యా అదే పని మీద నిలబడి ఉన్నాడట. గోడ కాస్త ఎత్తుగా కట్టడం మంచిదైంది.

నవ్వుకున్నాను ఆ రోజు. వారం తిరక్కుండానే నవ్వు పోయింది. హైదరాబాదులో అపార్టుమెంట్లకి తోటలు వేసే ఒక కాంట్రాక్టరు, నాన్నగారి కాలం నుంచీ ఏటా మా దగ్గరే కొనే పెద్దాయన, మొదటి వారం ఒకసారి పేజీ చూసి, మొక్కల జాబితా కోసం రెండో వారంలో నాలుగుసార్లు మళ్లీ తెరవబోయాడు. తెరుచుకోలేదు. అన్నదమ్ములు విడిపోయారని విన్నాడు, ఇదీ మూతపడింది కాబోలనుకున్నాడు. మా పక్క నర్సరీలో లారీ నింపుకుని వెళ్లిపోతూ, పలకరింపుగా మా గేటు ముందు ఆగి ఈ మాట చెప్పి మరీ వెళ్లాడు. నాన్నగారు ఆయన కోసం ప్రత్యేకంగా ఒక వరస మొక్కలు పెంచేవారు. ఆ బేరం పోయింది అన్నయ్యల మూర్ఖత్వం వల్ల కాదు, నా పంతం వల్ల. సిగ్గేసింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే వేస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఎవరినీ అడక్కుండా కూర్చుని పని చేశాను. బయట ఎక్కువ చోట్ల ఏ చిరునామాకి లింకులున్నాయో చూశాను. నాన్నగారి పాత కార్డులు చూసి ఎక్కించినవాళ్ల వల్ల మూడు డబ్ల్యూలదానికే ఎక్కువ ఉన్నాయి. తక్కిన రెండింటినీ, ఉమ్మడి ఇండెక్స్‌తో సహా, దానికే శాశ్వతంగా కలిపేశాను. నాలుగు లైన్లు. పదేళ్ల కిందట రాయాల్సినవి. రెండు ఇళ్ల ఫోన్ నంబర్లూ పేజీ మీద పక్కపక్కనే, ఒకే సైజులో పెట్టాను. ఫోన్లలో పాత జ్ఞాపకాలు ఎలా తుడవాలో ఇద్దరికీ బొమ్మలు గీసి పంపాను.

వారం గడిచింది. పెద్దన్నయ్య గొంతు మండిపోతూ ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా ఇది? మొత్తం వాడికే రాసిచ్చేశావా? ఎలా కొట్టినా వాడి అడ్రసే వస్తోంది."

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. తరవాత తల పట్టుకున్నాను. ఫోన్లో పైన కనిపించే చిరునామాలో మూడు డబ్ల్యూలు చూపించరు. ఉన్నా దాచేస్తారు, చోటు కలిసొస్తుందని. అంటే ఇన్నాళ్లూ వీళ్లు దేనికోసం గోడకి చెరోవైపు కర్రలు పట్టుకుని నిలబడ్డారో అది వాళ్ల ఫోన్లలో కనిపించదు. గెలిచినవాడు ఓడిపోయానని ఏడుస్తున్నాడు. అవతల చిన్నన్నయ్య, ఆ వారమంతా తనే గెలిచాననుకుని, వదినతో చెప్పి మరీ పులిహోర చేయించుకున్నాడని తెలిసింది.

"పైన అడ్రస్ మీద ఒకసారి వేలు పెట్టి నొక్కు అన్నయ్యా. అప్పుడు డబ్ల్యూలు కనిపిస్తాయి. అది నీదే" అన్నాను.

నొక్కాడు. ఊపిరి తీసుకున్నాడు. "మా చెల్లాయ్ బంగారం" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ పెద్దన్నయ్య ఊరుకునే మనిషి కాదు. సాయంత్రం రచ్చబండ దగ్గర పదిమందిలో తమ్ముణ్ణి పిలిచి, వేలు పెట్టి నొక్కమన్నాడు.

మర్నాడు చిన్నన్నయ్య ఫోన్ చేసి అరవలేదు. అరిస్తే బాగుండేది. "నువ్వు కూడా ఆ ఇంటి మనిషివేనా?" అని మాత్రం అడిగాడు. ఆ మాటకి నాకు కళ్లనీళ్లు తిరిగాయి, ఆపైన ఒళ్లు మండింది. "నేను ఏ ఇంటి మనిషినీ కాదు. ఆ డొమైన్ నాది. నా పేరు మీద ఉంది, కొన్నప్పటి నుంచీ. మీ ఇద్దరూ పంచుకున్నది మీ ఇద్దరిదీ కాదు" అన్నాను. ఎన్నేళ్లుగానో లోపలున్నది నోట్లోంచి జారిపోయింది.

చిన్నన్నయ్య ఫోన్ పెట్టేశాడు. ఆ తరవాత ఆ మాట గోడ దాటడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ, ఆదివారం పొద్దున్న కాకినాడలో మా ఇంటి ముందు చిన్న లారీ ఆగింది. ముందు సీట్లో అన్నయ్యలిద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పంపకాలయ్యాక వాళ్లు ఒకే బండెక్కడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పీతల కూర వండాను, పనసపొట్టు కూర చేశాను. ఇద్దరూ ఒకే బల్ల మీద, నా ఇంట్లో, అడిగి అడిగి తిన్నారు. చిన్నన్నయ్య గిన్నెలోంచి పెద్దన్నయ్య పీత కాలు తీసుకుంటే ఎవరూ ఏమీ అనలేదు. మా ఆయన నావైపు చూసి నవ్వాడు.

చేతులు కడుక్కుని వచ్చాక పెద్దన్నయ్య జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. అదే గుండ్రటి చేతిరాత. కంప్యూటరు చిరునామా మీద నాకు ఏ హక్కూ లేదని, ఇష్టపూర్వకంగా అన్నదమ్ములిద్దరికీ వదులుకుంటున్నానని.

"వంతులేం వద్దమ్మా ఇక. ఇద్దరం ఉమ్మడిగా చూసుకుంటాం. మాట్లాడుకున్నాం" అన్నాడు.

"నీకెందుకు చెల్లాయ్ ఈ తలనొప్పి?" అన్నాడు చిన్నన్నయ్య, నిజమైన ప్రేమతోనే. "కిందన ఒక్క సంతకం చాలు. పెన్ను కూడా తెచ్చాను."

ఇంట్లో గోడ, పొలంలో గట్టు, బోరు, లారీ, ఏ ఒక్కదాని మీదా కుదరని ఏకాభిప్రాయం వాళ్లకి నా విషయంలో కుదిరింది. నేను వాళ్లని ఎన్నాళ్లుగానో కలపాలనుకున్నాను. కలిశారు.

"పెట్టను" అన్నాను.

"అదేంటమ్మా?"

"పేజీ నడుపుతాను, రెన్యూ చేస్తాను, మీ ఇద్దరి నంబర్లూ ఎప్పటిలాగే ఉంటాయి. ఎవరికీ ఒక్క బేరం పోనివ్వను. సంతకం మాత్రం పెట్టను."

వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. కోపంగా కూడా కాదు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు నన్ను చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇచ్చిన కిళ్లీలు అక్కడే వదిలేసి ఇద్దరూ ఒకే లారీలో వెళ్లిపోయారు.

నర్సరీ మళ్లీ మొదటి పేజీకొచ్చింది. ఎవరు ఎలా కొట్టినా ఒక్కచోటికే వెళుతోంది. రెండు ఇళ్లలోనూ ఫోన్లు మోగుతున్నాయని పక్కూరి వాళ్లు చెబితే తెలిసింది. వినాయక చవితి వెళ్లింది, దసరా వెళ్లింది. రమ్మని ఆ ఇంటి నుంచి గానీ ఈ ఇంటి నుంచి గానీ ఎవరూ పిలవలేదు. కడియం మీదుగా రెండుసార్లు బస్సులో వెళ్లాను, దిగలేదు. దిగితే ఏ గుమ్మంలోకి వెళ్లాలో నాకు తెలియదు. చాలా బాధగా ఉంది. అయినా ఆ కాగితం మళ్లీ తెస్తే మళ్లీ ఇదే మాట చెబుతాను.